హన్నాకు పెట్టిన మల్లెపూలు

ఆడదాని మీద ఆడదానికి కుళ్ళు పుట్టడం లోకంలో ఉన్నదే. కాని ఎప్పుడో నూట యాభై ఏళ్ళ కిందట కన్నుమూసి, మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో కొత్త ఇళ్ళ వెనక గడ్డిదిబ్బ మీద రాతి కింద పడుకున్న మనిషి మీద కుళ్ళు పుట్టడం మాత్రం సింధుజకే చెల్లింది.

ఆ మనిషి పేరు హన్నా. థామస్ అనే గొర్రెల రైతు భార్య. ఇరవై మూడేళ్ళకే పోయింది. రాతి మీద ఇంతే ఉంది. కాని సింధుజ మొగుడు హేమచంద్రను అడిగితే అక్కడితో ఆపడు. పెళ్ళాం పుట్టినరోజు జూన్‌లోనా జులైలోనా అని ఏటా తడుముకునే మనిషి, హన్నా ఏ ఓడలో వచ్చింది, ఏ రేవులో దిగింది, ఆ ఏడు వానలు పడ్డాయా లేదా అన్నది నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

దీనికంతటికీ మూలం వాసుదేవరావు అంకుల్. ఆయన యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, ఈ దేశానికి వచ్చి నలభై ఏళ్ళు. పొద్దున నడకకు వెళ్ళి, ముళ్ళగడ్డిలో మునిగిపోయిన ఆ పాత సమాధులను చూశాడు. మొదట్లో ఈ నేలకు వచ్చి గుడిసెలు వేసుకున్న తెల్లవాళ్ళవి. చూసుకునే ధర్మకర్తలు ఒక్కరొక్కరే పోయారు. చర్చిని అడిగితే మాది కాదన్నారు, కౌన్సిల్‌ను అడిగితే మాదీ కాదన్నారు. "ఎవరిదీ కానిది మనదే అవుతుంది గదయ్యా" అని ఆయన పదిమందిని పోగేశాడు. అందులో తెల్లవాళ్ళున్నారు, పంజాబీలున్నారు, మన హేమచంద్ర ఉన్నాడు. తలా ఒక సమాధి పంచుకున్నారు. హేమచంద్రకు హన్నా వచ్చింది.

"వారమంతా కంప్యూటర్లో ఏం చేశానో నాకే కనపడదు సింధూ. అక్కడ గంట సేపు ముళ్ళు పీకితే, పీకినంత మేర కనపడుద్ది" అనేవాడు.

"ఇంట్లో బట్టలు మడతేసినా కనపడుద్ది" అనేది సింధుజ.

శనివారం మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చేసరికి పెరటి తలుపు దగ్గర కాపు కాసేది.

"అక్కడే ఆగండి! గడప తొక్కితే ఊరుకోను."

"చలికి పళ్ళు కొట్టుకుంటున్నయ్యే."

"శ్మశానానికి పోయొచ్చి స్నానం చెయ్యకుండా ఇంట్లోకి వస్తారా? పసిపిల్ల తిరిగే ఇల్లు. ఇదిగో పైపు."

"ఈ నీళ్ళు పోసుకుంటే నేను కూడా పోయి హన్నా పక్కనే పడుకోవాల."

"పడుకోండి. మీకక్కడే గదా హాయి."

లోపల కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, డ్రాయరుతో నిలబడ్డ తండ్రిని చూసి నాలుగేళ్ళ పింకీ అరిచేది. "మమ్మీ! డాడీ ఈజ్ ఇన్ హిజ్ అండీస్! పక్కింటి ఆంటీ కెన్ సీ!"

సింధుజకు బిడ్డంటే ఎప్పుడూ గుండెల్లో గుబులే. తుమ్మితే భయం, దగ్గితే భయం. దిష్టి తీసి మిరపకాయలు పొయ్యి మీద వేస్తే పొగ అలారం మోగి వీధంతా అదిరిపోయేది, అయినా మానేది కాదు. అలాంటిది, మొగుడి ప్యాంటు అంచులకు అంటుకుని ఆ దిబ్బ మీది గడ్డిగింజలు వారం వారం ఇంట్లోకి వస్తుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు. పిల్ల కోసం భయమని పైకి అనేది. లోపల ఉన్న రెండోదానికి పేరు పెట్టేది కాదు.

అంతలో గ్రాంటు మాట వచ్చింది. దిక్కులేని పాత సమాధుల బాగుకోసం ప్రభుత్వం కొంత డబ్బు ఇస్తుందట. వస్తే చుట్టూ కంచె వేయించవచ్చు, ఒరిగిన రాళ్ళను నిలబెట్టవచ్చు, రాతి పని తెలిసిన మనిషిని పిలిపించవచ్చు. రాకపోతే సంఘం మూసేద్దామన్నాడు అంకుల్, నా మోకాళ్ళు ఇంక ఒప్పుకోవడం లేదని. ఆ సంగతి మొగుడి నోటి నుంచి విన్న పూటే సింధుజ దేవుడి గూటి ముందు నిలబడి, 'స్వామీ, ఆ గ్రాంటు రాకుండా చూడు, కేరమ్ డౌన్స్ గుడికొచ్చి కొబ్బరికాయ కొడతా' అని మొక్కుకుంది. గ్రాంటు రాకపోతే శనివారాలు తనవి, శనివారాలు వస్తే మనిషి తనవాడు. ఆమె లెక్క అది.

మొక్కు అలా ఉండగానే మల్లెపూల సంగతి జరిగింది.

సింధుజ పెరట్లో కుండీలో ఒక మల్లెమొక్క పెంచుతోంది. మెల్‌బోర్న్ చలికి మల్లె బతకదని అందరూ అన్నారు. శీతాకాలమంతా పింకీ పాత దుప్పటి కప్పి, సాయంత్రమయ్యేసరికి గరాజులోకి మోసి, పొద్దున్నే ఎండలోకి మోసి, పిల్లను పెంచినట్టే పెంచింది. ఇక్కడ ఎండలు మొదలయ్యే నవంబరులో మొగ్గ తొడిగింది. ఆదివారానికి విచ్చుతాయి, మాల కట్టుకుని గుడికి పోవాలని రోజూ వేలితో తాకి చూసుకునేది. బుధవారం సాయంత్రం చూస్తే మొక్క బోడిగా ఉంది.

"పూలేమైనయ్యండీ?"

హేమచంద్ర ఫోను లోంచి తలెత్తాడు. "ఓ, అవా. అప్లికేషన్‌కి ఫోటో కావాలన్నాడు అంకుల్. రాయి ముందు నాలుగు పూలుంటే బాగుంటుందని పొద్దున ఆఫీసుకు పోతా పోతా..."

"ఎవరి రాయి?"

"హన్నాదే."

"నాలుగు కోశారా?"

"అంటే... ఉన్నయ్యన్నీ."

ఫోటో చూపించాడు, అదొక ఘనకార్యమైనట్టు. నల్లటి మచ్చలు పడ్డ పాలరాయి. దాని పాదాల దగ్గర సింధుజ మల్లెపూలు.

ఆడదాని తలలో ఉండాల్సిన పూలు మొగుడు తీసుకెళ్ళి ఎవరికి పెట్టాడో ఆమే సవతి. ఆ మాట ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. సింధుజ ఫోటో మీదికి వంగింది.

"ఏడాది నుంచి తోముతున్నారుగా. అయినా అట్టా నల్లగా ఉందేంది?"

"పాచి. గట్టిగా రుద్దకూడదంట, పాత రాయి కదా. ఉత్త నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అంతే. కాని ఆ అడుగున చూడు, పాచి కింద ఒక వరస అక్షరాలున్నయ్. ఏడాది నుంచి చదవాలని చూస్తున్నా సింధూ. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఒక్క అక్షరం కనపడ్డట్టే ఉంటది, పోతది. ఏముందో ఏమో."

"నా చెంప మీద మంగుమచ్చ వచ్చి రెండేళ్ళయింది. అది చదివారా ఎప్పుడన్నా?"

"ఏం మచ్చ?" అన్నాడు హేమచంద్ర. అప్పటికే మళ్ళీ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాడు.

శనివారం గ్రాంటిచ్చే ప్రభుత్వం తరఫున కౌన్సిల్ నుంచి ట్రేసీ అనే ఆవిడ వచ్చి చోటు చూసి పోతుంది. ఆవిడ రాసేదాన్ని బట్టే గ్రాంటు. శుక్రవారం పొద్దున పింకీని కిండర్ బడిలో దింపి, సింధుజ ఇంటికి రాలేదు. నేరుగా దిబ్బ వైపు నడిచింది. భుజాన సంచి. సంచిలో పెద్ద సీసా నిండా పిసికిన చింతపండు, ఉప్పు పొట్లం, కొబ్బరిపీచు, గిన్నెలు తోమే స్టీలు పీచు, నీళ్ళ సీసాలు. జేబులో నిమ్మకాయ, ఎందుకైనా మంచిదని.

ఎందుకు పోతోందో ఆమెకు సరిగ్గానే తెలుసు. పుట్టింట్లో దీపపు కుందులు, ఇత్తడి బిందెలు చింతపండేసి తోమితే ముఖం కనపడేది. ఏడాదిగా మగాడు చేతగాక, రుద్దకూడదని సాకు చెబుతున్న రాతిని ఒక్క పూటలో మెరిపించాలి. రేపు పదిమందిలో ఆయన చూడాలి. చచ్చినదాన్ని సింగారించాలన్నా నీకు నా చెయ్యే దిక్కు అని, నోరు తెరవకుండా చెప్పాలి.

గేటు దగ్గర కాళ్ళు ఆగాయి. ఆడవాళ్ళు శ్మశానానికి పోవడమేమిటని పుట్టింటి వాళ్ళందరూ ఒక్కసారిగా చెవిలో అరిచినట్టయింది. నిమ్మకాయను గట్టిగా పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. నల్లరాళ్ళు పేర్చిన పాత గోడ, మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ పడిపోయిన రాళ్ళు. ఫోటో చూసి ఉంది కాబట్టి హన్నాను పట్టడం కష్టం కాలేదు. వాడిన మల్లెలు ఇంకా అక్కడే ఉన్నాయి.

"ఏమ్మా హన్నా" అంది సింధుజ, రాతి ముందు గొంతుక్కూర్చుని. "బాగున్నయ్యా పూలు? నాకు పట్టుచీర కట్టుకున్నప్పుడన్నా పెట్టలేదు ఆయన. నీకు నోరు లేదు, నడుంనొప్పి లేదు, పాల డబ్బా తెమ్మని పోరవు. నీ అట్టాంటి పెళ్ళాం ఎవరికి చేదు?"

చింతపండు పులిమింది. ఉప్పు చల్లింది. తోమింది. తోమే కొద్దీ నలుపు పోయి తెలుపు తేలుతుంటే ఆమె చేతులకు ఊపొచ్చింది. నురగలా బుస్సుమంటుంటే మురికి వదులుతోందనుకుంది. పైనుంచి కిందికి, హన్నా పేరు, థామస్ పేరు, ఏడాది, వయసు దాటి, అడుగు వరస దగ్గరికొచ్చింది. అక్కడ పాచి అట్ట కట్టి ఉంది. స్టీలు పీచు తీసింది.

అక్షరాలు బయటపడ్డాయి.

సింధుజ చదువు ఇంటర్ రెండో ఏడు మధ్యలో పెళ్ళితో ఆగిపోయింది. ఇంగ్లీషు మాట్లాడాలంటే నాలుక మడత పడుతుంది గాని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. వేలు పెట్టి చదివింది. ప్లేస్‌డ్ బై మార్తా. హిజ్ సెకండ్ వైఫ్.

మళ్ళీ చదివింది. మార్తా పెట్టించింది. ఆయన రెండో భార్య.

ఆమెకు నాయనమ్మ గుర్తొచ్చింది.

సింధుజ నాయనమ్మ రెండో పెళ్ళాంగా వచ్చిన మనిషి. తాళితో పాటు ఆమె మెడలో ఒక చిన్న బంగారు బిళ్ళ వేలాడుతుండేది. సవతి బిళ్ళ అనేవాళ్ళు. మొదటి భార్య పోయిన ఇంటికి వచ్చిన ఆడది అది కట్టుకోవాలి. పండగకు కొత్త చీర తెస్తే ముందు పోయినావిడ పేరున దేవుడి దగ్గర పెట్టి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, అప్పుడే తను కట్టుకోవాలి. మరిస్తే పిల్లలకు జ్వరాలొస్తాయి. నాయనమ్మ ఆ బిళ్ళను ముద్దు పెట్టుకున్నట్టే కళ్ళకద్దుకునేది, ఆ వెంటనే పళ్ళ బిగువున "ఇంకా నా పీక మీదే ఉంది చూడు" అనేది.

"అయితే నీక్కూడా ఉందన్నమాట ఒకతి" అంది సింధుజ, ఎవరితో అంటోందో తెలియకుండా. ఆ మార్తా ముఖం ఇంకా స్పష్టంగా చూడాలన్నట్టు, ఆ వరసను ఇంకోసారి తోమింది.

నీళ్ళు పోసి చూస్తే అక్షరాలు లేవు. తడిసిన పంచదార మీద రాసినట్టు అంచులు కరిగి పోయాయి. వేలు పెడితే వేలికి తెల్లటి పలుకులు అంటుకున్నాయి. సింధుజ గబగబా సీసాలు, పీచు సంచిలో కుక్కింది.

ఇంటికొచ్చి పెరట్లో పైపు కింద తనే తల మీద నీళ్ళు పోసుకుంది. ఆ రాత్రి అన్నం పెడుతుంటే హేమచంద్ర రేపటి సంగతులు చెబుతూనే ఉన్నాడు. ఆమె ఊ కొడుతూనే ఉంది.

శనివారం సింధుజ కూడా వస్తానంటే హేమచంద్ర నమ్మలేదు. పింకీ అరికాలికి కాటుక చుక్క పెట్టి, డబ్బా నిండా పులిహోర కలుపుకుని బయల్దేరింది.

దూరం నుంచే కనపడింది. గడ్డి మధ్యలో, మిగతా రాళ్ళన్నీ ముసలి ముఖాలతో ఉంటే, అదొక్కటి సున్నం కొట్టిన గోడలా తెల్లగా. హేమచంద్ర పరుగెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అడుగు వరస ఉండాల్సిన చోట అరచేత్తో తడిమాడు, మళ్ళీ తడిమాడు.

ట్రేసీ వేలితో రాతిని రుద్ది, ఆ పొడి చూసి, తల అడ్డంగా ఊపింది. ఎవరో యాసిడ్ లాంటిది పోశారంది. ఆకతాయిల పని అయ్యుంటుందంది. ఇలాంటిది కిందటేడు ఇంకోచోట కూడా జరిగిందనీ, కాపలా లేని చోట డబ్బు పోసి ఏం లాభమని పైవాళ్ళు తప్పకుండా అడుగుతారనీ, తనకు చాలా బాధగా ఉందనీ చెప్పింది.

వాసుదేవరావు అంకుల్ కర్ర మీద ఆనుకుని కష్టంగా వంగి, రాతి మొదట్లో గడ్డిలోంచి ఏదో ఏరాడు. నిగనిగలాడే చింతగింజ. దాన్ని గుప్పిట్లో మూశాడు. ఒక్కసారి సింధుజ వైపు చూసి, ఆమె చేతిలోని పులిహోర డబ్బా వైపు చూసి, చూపు తిప్పుకుని దూరంగా కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

నోరు మూసుకుంటే చాలు. గ్రాంటు పోతుంది, సంఘం పోతుంది, శనివారాలు వస్తాయి. దేవుడు కొబ్బరికాయకు ఆశపడి మొక్కు వినేశాడు. సింధుజ మొగుడి ముఖం చూసింది. పెళ్ళాం పోయినవాడి ముఖం అది. ఇంతకాలం హన్నా ఊరికే చచ్చిన మనిషి. ఇప్పుడు కళ్ళముందే మళ్ళీ చచ్చింది. ఇట్టా వదిలేస్తే ఈయన శనివారాలు ఇంట్లో కూర్చుంటాడు, కూర్చుని బతికినన్నాళ్ళూ దాన్నే తలుచుకుంటాడు. ఆ అడుగు వరసలో ఏముందో అని రాత్రిళ్ళు పైకప్పు చూస్తాడు. ఏదో గొప్ప ప్రేమమాట ఉండేదనుకుంటాడు. ఉన్నదేమో ఆ రెండోదాని పేరు. ఆ పేరు తను తప్ప భూమ్మీద ఎవరూ ఎరగరు.

ఆ రెండోదాన్ని కూడా ఈ హన్నాయే మింగేస్తుందా?

"నేనే కడిగా" అంది సింధుజ.

హేమచంద్ర తల తిప్పాడు. "ఏంది?"

"నిన్న. చింతపండేసి. ఇత్తడి తోమినట్టు."

"రుద్దొద్దని చెప్పానా లేదా నీకు? ఏడాది! ఏడాది నుంచి నేను..."

"అరవబాకండి. ఆ వరస నేను చదివా. బయటపడింది, చదివా, ఆ తర్వాతే పోయింది."

హేమచంద్ర లేచి ఆమె దగ్గరికొచ్చాడు. రెండు భుజాలూ పట్టుకున్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూడలేదు. "ఏముంది? ఒక్కొక్క మాటా చెప్పు. సింధూ, చెప్పు."

ఆ చూపు తన కోసం కాదని సింధుజకు తెలుసు. అయినా రెండు క్షణాలు ఆలస్యంగానే చెప్పింది.

హేమచంద్ర ట్రేసీకి ఇంగ్లీషులో చెప్పాడు. చింతపండు సంగతి వచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండో భార్య సంగతి వచ్చేసరికి తెరిచింది. బ్యాగులోంచి ఒక అద్దం తీసి, హేమచంద్రను పక్కకు నిలబెట్టి, ఎండను ఏటవాలుగా రాతి అడుక్కి కొట్టించింది. గీతల్లేవు, నీడలున్నాయి. సగం మార్తా. సగం సెకండ్. వెంటనే ఫోటోలు తీసింది.

అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "రెండో భార్య మొదటి భార్యకు రాయి పెట్టించిందా! ఎంత మంచి మనసమ్మా ఆ తల్లిది."

"మంచి మనసు కాదంకుల్" అంది సింధుజ. "భయం. కుళ్ళు."

"అట్లా అంటావేంటి?"

"మరి? ఆయన ప్రతి ఆదివారం వచ్చి ఈ మట్టి దగ్గర కూర్చునుంటాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని, ఆయన బూట్లకంటిన గడ్డి చూసి ఏడ్చుంటది. పిల్లలకు జ్వరమొస్తే దీని పనే అనుకునుంటది. రాయేసి మూస్తే ఇంక లేవదని రాయేయించింది. కింద తన పేరు ఎందుకు చెక్కించిందంటే, ఆయన ఎప్పుడొచ్చినా అది కూడా చదువుకుని పోవాల గదా."

హేమచంద్ర అదంతా నెమ్మదిగా, మాట మాటా వెతుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. బూట్లకంటిన గడ్డి దగ్గర ఒక్క క్షణం ఆగి తన ప్యాంటు అంచు చూసుకున్నాడు. ట్రేసీ నవ్వలేదు. అయితే ఆ మార్తా ఎక్కడుందని అడిగింది.

అంకుల్ కర్రతో చూపించాడు. హన్నా పక్కనే ఉన్న థామస్ రాతికి అవతలి పక్క, గడ్డిలో మనిషి పొడుగున చిన్న పల్లం. రాయి లేదు, గుర్తు లేదు. ఉంటే అక్కడే ఉండాలన్నాడు. అవతలిదానికి రాయి పెట్టించిన మనిషికి, తను పోయాక పెట్టించే వాళ్ళు లేకపోయారు.

"మమ్మీ, వై ఆర్ యూ క్రయింగ్?" అంది పింకీ.

"పొగ" అంది సింధుజ. చుట్టుపక్కల ఎక్కడా పొగ లేదు.

ట్రేసీ జరిగింది జరిగినట్టే రాస్తానంది. మనసున్న జనానికి పని నేర్పేవాళ్ళు లేకపోతే ఇలాగే అవుతుందనీ, డబ్బు అందుకే కావాలనీ రాస్తానంది. పులిహోర రెండుసార్లు పెట్టించుకుంది. ఈ పులుపు దేనిదని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు.

ఎండాకాలం పోయేలోపు గ్రాంటు వచ్చింది, అడిగిన దాంట్లో సగం. సగం గ్రాంటు వస్తే మొక్కు తీరినట్టా కాదా అని సింధుజ చాలా ఆలోచించింది. సగం కొబ్బరికాయ కొట్టడం కుదరదు కాబట్టి కేరమ్ డౌన్స్ వెళ్ళి మొత్తం కాయే కొట్టింది. ఎందుకు కొట్టావని మొగుడడిగితే చెప్పలేదు.

హేమచంద్ర ఇప్పుడు అప్పుడప్పుడు ఆమె ముఖంలోకి, కళ్ళు చికిలించి, రాతిని చూసినట్టు చూస్తున్నాడు. "ఈ మచ్చ డాక్టరుకు చూపిద్దామా?" అని కూడా అన్నాడు ఒకరోజు. సింధుజకు లోపల చల్లగా అయ్యింది. మరుక్షణం, ఈ చూపు నేర్చుకున్నది ఎవరి దగ్గరో గుర్తొచ్చి మళ్ళీ మండింది.

శనివారం పొద్దున ఆయన బ్రష్షు, బకెట్టు సర్దుకుంటుంటే ఆమె కూడా చెప్పులేసుకుంది.

"హన్నా దగ్గర నేను చూసుకుంటాలే, నువ్వెందుకు?"

"మీ హన్నాని మీరే చూస్కోండి. నాకవతల పక్క పనుంది. చింతపండేం లేదులే సంచిలో, అట్టా చూడబాకండి."

కుండీలో రెండో కాపు మల్లెలు విచ్చాయి. సింధుజ అన్నీ తనే కోసింది. సగం మాల కట్టి జడలో పెట్టుకుంది. మిగిలినవి తడిగుడ్డలో చుట్టి చేత్తో పట్టుకుంది.

హేమచంద్ర ఆ మూటను చూశాడు, ఆమె జడను చూశాడు, మళ్ళీ మూటను చూశాడు.

"మరి హన్నాకి?"

"ఆవిడకి పోయినసారి అందినయ్ గదా" అంటూ సింధుజ ముందు నడిచింది.